పాసంగం

ఎనుమాముల మార్కెట్ల ముప్ఫయొక్క ఏండ్లు
దడువాయి పని చేసిన.
మిర్చి ఘాటుకు ముక్కు మొద్దుబారింది గని
ముల్లు మీద చూపు మొద్దుబారలే.
ఇప్పుడు కరెంటు కాంటాలొచ్చినయి, అంకెలే మాట్లాడుతయి.
నా కాలంల తక్కెడ మాట్లాడేది.

ఖాళీ తక్కెడ ఎన్నడూ సమంగుండదు.
ఒక పళ్లెం ఎంతో కొంత ఒరుగుతనే ఉంటది.
గందుకే తేలికైన దిక్కు
ఇంత ఇనుప ముక్కో, చింతగింజంత రాయో కడతరు.
పాసంగం అంటరు దాన్ని.
కొత్తగ వచ్చిన రైతు అడుగుతడు, "అదెందుకే?"
తూకం సరిచేయనీకి అని చెప్తం.
అప్పుడప్పుడు చెడగొట్టనీకి సుత.

మా నాయిన ఓదెలు
నాకు ఓటు రాకముందే కట్టిండు పాసంగం.
మాది గొడుగు గుర్తు ఇల్లు.
దర్వాజ మీద గొడుగు, నీళ్ల గాబు మీద గొడుగు,
నాయిన పోయిననాడు పాడె మీద సుత గొడుగు జెండ.
ఆయన ఒక్కసారన్న అభ్యర్థి పేరు అడగలే.
"పేరెందుకురా, గుర్తు చాలదా?" అనేది.

నిచ్చెనోళ్లంటే మాకు పడది.
ఎందుకు పడదని అడిగితే
దానికీ ఒక కొట్లాటయ్యేది.
ఓ ఏడు మేం సున్నమేసిన గోడ మీద
వాళ్లు రాత్రికి రాత్రి నిచ్చెన గీసిన్రు.
రాయలింగు గుద్దిన గుద్దుకు
నా ముందు పన్ను ఊడి మోరిల పడ్డది.
ఇప్పటికీ నవ్వితే ఆ సందుకెళ్లి గాలి పోతది.

ఈసారి మా డివిజన్ల
గొడుగు కింద నిలవడ్డది చంద్రమౌళి సేటు.
ఆయన అడ్తిల ఎన్ని వేల బస్తాలు తూసిన్నో.
క్వింటాలుకు రెండు కిలోలు తరుగు రాయమన్నది ఆయనే.
తేమ ఉందన్నడు.
మే నెల. నేల మీద చెయ్యి పెడితే బొబ్బలెక్కే మే నెలల తేమ.
రాసిన.
గీసుగొండ దిక్కుకెళ్లి వచ్చిన ఆమె
ఖాళీ సంచి చంకల పెట్టుకొని
"అన్నా, సక్కగనే తూసినవు గదా" అన్నది.
ఔనన్న.
పద్నాలుగేండ్ల కింది మాట.
మొన్న ఓటరు చీటీ ఇంట్ల పడ్డంక మల్ల ఇనవడ్డది.

అటు నిచ్చెన మీద రాయలింగు.
దేవుడేం కాదు. నోరు మంచిది కాదు,
అప్పులున్నయి, మైకు పడితే తడవడుతడు.
గని మా గల్లీల నడుము లోతు నీళ్లొచ్చిన రాత్రి
లారీ ట్యూబు మీద మా అత్తను ఒడ్డుకు తెచ్చిండు.
మా దర్వాజ మీద గొడుగు నీళ్లల్ల సగం మునిగుండె.
చూసిండు. ఏమనలే.
"ముసలమ్మ గోలీలు ఏడున్నయి?" అన్నడు, గంతే.

పోలింగ్ నాడు బడి వరండల లైను.
సేటు మనిషి భుజం మీద చెయ్యేసి
"మన ఓటుకు చెప్పుడేముందే" అన్నడు.
మన.
ఆ మాట ఎంత తూగుతదో నాకెరుకే.
చింతగింజంతే. పళ్లెం మొత్తం ఒరుగుతది.

అట్ట చాటుకు పోయిన.
ముద్ర పట్టుకున్న చెయ్యి దానంతట అదే
గొడుగు దిక్కు పోయింది,
పొద్దుగూకితే ఎద్దు కొట్టం దిక్కు పోయినట్టు.
ఆపిన.
నాయినా, నువ్వు కట్టిన రాయి ఇప్పుతున్న.
పారేస్తలే, జేబులేసుకుంటున్న.
ఖాళీ తక్కెడ ఎట్లూగుతదో
ఒక్కసారి చూడనియ్యి.

కాగితం మడిచి డబ్బల వేసిన.
చప్పుడు సుత రాలే.

గేటవతల రాయలింగు నిలవడ్డడు.
నన్ను చూసి మొఖం తిప్పుకున్నడు,
గొడుగోడు గదా అని.
అనుకోనియ్యి.
గెలిస్తే రేపటి నుంచి వాన్ని సుత తూస్త నేను.
నవ్వొచ్చింది.
పన్ను సందుకెళ్లి
సల్లగ గాలి పోయింది.